ఎలక మూత్రం పోసేటప్పుడు బ్లాడర్ ప్రెషర్, స్ఫింక్టర్ ఈఎంజీ కలిపి తీయడం ఎలా

గుంటూరు, బెజవాడ వైపు ఫార్మసీ కాలేజీల్లో బ్లాడర్ మీద ప్రాజెక్ట్ పెట్టుకున్న పిల్లలూ, ప్రెషర్ గ్రాఫ్ ఒక్కటే తీసి ఊరుకోకండి, ఎలకలో (ర్యాట్‌లో) అసలు కథంతా స్ఫింక్టర్లో, అంటే మూత్రాన్ని పట్టి ఆపే కండరంలో ఉంది, ఆ కండరంలో పుట్టే కరెంటు సిగ్నల్ తీసేదే ఈఎంజీ. మనుషులకైతే మూత్రం పోసేటప్పుడు బయటి స్ఫింక్టర్ పూర్తిగా వదులైపోద్ది, ఎలకకి అట్లా కాదు, సెకనుకి 4 నుంచి 8 సార్లు దాకా బిగుస్తా వదుల్తా ఉంటది, వదిలిన ఆ కాసేపే మూత్రం బయటికొస్తది, చేతిబోరింగు కొడితే నీళ్లు విడతలు విడతలుగా పడ్డట్టు.

ఐఏఈసీ (జంతువుల మీద ప్రయోగాలకి ఒప్పుకునే కాలేజీ ఎథిక్స్ కమిటీ) అప్రూవల్ లేకుండా మొదలెట్టొద్దు, ఇది చెప్పక్కర్లేదు. మత్తుకి యూరెథేనే వాడండి, కేజీకి 1 నుంచి 1.2 గ్రాములు, ఐసోఫ్లోరేన్, పెంటోబార్బిటాల్ లాంటివి మూత్రం రిఫ్లెక్స్‌నే తొక్కేస్తాయి. యూరెథేన్‌తో క్యాన్సర్ రిస్క్ ఉంది కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఆ ఎలకని మళ్లీ లేపే పని కూడా పెట్టుకోవద్దు.

బ్లాడర్ పైభాగంలో పీఈ-50 (సన్నటి ప్లాస్టిక్) ట్యూబ్ పెట్టి చుట్టూ దారంతో బిగించి కట్టి, త్రీ-వే (మూడు దారుల కొళాయి) నుంచి ఒకటి ట్రాన్స్‌డ్యూసర్‌కి (ప్రెషర్‌ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఒకటి సిరంజి పంపుకి కలపండి. సెలైన్ నిమిషానికి 0.04 నుంచి 0.1 ఎంఎల్ చాలు, చిట్టెలుకకైతే (మౌస్‌కి) ఇంకా తక్కువ. ట్యూబులో ఒక్క బుడగ ఉన్నా చిన్న చిన్న కదలికలు మాయమైపోతాయి, ట్రాన్స్‌డ్యూసర్ బ్లాడర్ ఎత్తులోనే ఉండాలి.

ఈఎంజీకి కొన మాత్రమే ఇన్సులేషన్ గీకిన సన్న తీగలు రెండు, ప్యూబిక్ ఎముక వెనక యురెత్రా (మూత్రం బయటికొచ్చే గొట్టం) మధ్యభాగానికి చెరో పక్కన గుచ్చాలి. ఇక్కడే ఎక్కువ తంటా. మన ఎండలకి ఏసీ తప్పదు, యూరెథేన్ మత్తులో ఉన్న ఎలకేమో చల్లబడిపోద్ది, దానికని కరెంటు హీటింగ్ ప్యాడ్ పెడితే 50 హెర్ట్జ్ గోల మొత్తం ఈఎంజీలోకి దిగుద్ది, అందుకని వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర చూసుకోండి, ఎర్త్ అన్నిటికీ ఒక్కచోటే ఇవ్వండి.

గ్రాఫ్ నీట్‌గా రావాలని ప్రెషర్ ఛానెల్‌కి 1 హెర్ట్జ్ పైనవన్నీ కోసేసే లో-పాస్ ఫిల్టర్ పెట్టారనుకోండి, పీక్ మీద కనపడాల్సిన వణుకు చెరిగిపోద్ది, అది నాయిస్ కాదు, స్ఫింక్టర్ పంపింగే. నాయిసో కాదో తేలాలంటే రెండు ఛానెళ్లూ కింద పైన పెట్టి చూడండి, కరెంటు గోల ఎప్పుడూ ఒకేలా ఉంటది, బరస్టులు (స్ఫింక్టర్ బిగిసినప్పుడల్లా ఈఎంజీలో కనపడే గుంపులు) మాత్రం ప్రెషర్ పెరిగి మూత్రం వచ్చేటప్పుడే వస్తాయి.

కొలిచేటప్పుడు బరస్ట్ ఎంతసేపు, మధ్యలో సైలెంట్ గ్యాప్ (స్ఫింక్టర్ వదులైన టైము) ఎంతసేపు అని విడివిడిగా రాసుకోండి. మందు ఇచ్చాక పీక్ ప్రెషర్ మారకపోయినా గ్యాప్ తగ్గితే బ్లాడర్ సరిగ్గా ఖాళీ కాకపోవచ్చు, కాబట్టి చివర్లో లోపల మిగిలిన మూత్రాన్ని సిరంజితో లాగి అది కూడా కొలవండి.