షమాల్ గాలులు మొదలు కాకముందే: తెరచాప ఎత్తినంక గేర్ లీవరు యాడుండాల?

మా రాయచోటి పక్క పల్లె పిల్లోడు ఒకడు. నా మాదిరే గల్ఫ్‌లో తెరచాప బోట్ల మీద పని. పోయిన నెల సాయంత్రం, గాలి ఒడ్డు వైపు తోస్తాంటే, తెరచాప దించి ఇంజన్ స్టార్ట్ చేసినాడు. ఫార్వర్డ్ వేసినాడు. ఇంజన్ అరిచిందే గానీ బోటు కదల్లేదు. బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే అడ్డుగట్టు) రాళ్లు ఇంకో పదడుగుల దూరంలో ఉండగా పక్క బోటోళ్లు తాడు విసిరి లాగినారు. మర్నాడు గేర్‌బాక్స్ విప్పితే, క్లచ్ కోను (ఇంజన్ బలాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు పట్టించే గరాటు ఆకారం ముక్క) అద్దం మాదిరి మెరుస్తాంది. వేలితో రుద్దితే గరుకు అనేదే లేదు.

"నేనేం చెయ్యలేదన్నా, తెరచాప మీద పోయినంతసేపూ ఫార్వర్డ్ గేర్‌లోనే పెట్టి పెట్టినా గదా" అన్నాడు.

అదే కొంప ముంచింది. ఇది మూడో గేర్‌బాక్స్, నా కళ్ల ముందర పోయినవాటిలో.

మనోళ్లలో చానామంది లారీ స్టీరింగ్ వదిలి వచ్చినోళ్లే. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే చావేనని నేర్చుకున్న చెయ్యి. (ఘాట్ దగ్గర పాలకోవా కోసం ఆగినప్పుడు కూడా గేర్‌లో పెట్టే దిగుతాం.) అక్కడ అది కరెక్టే, లోడును పట్టుకునేది ఇంజనూ గేరే. బోటులో కథ వేరే. ఇంజన్ ఆపేసినాం, గాలికి బోటు పోతాంది, కిందున్న నీళ్లే ప్రొపెల్లర్‌ను తిప్పజూస్తాయి. కోన్ క్లచ్ బిగుసుకునేది ఇంజన్ వైపు నుంచి వచ్చే బలానికి. ఫార్వర్డ్‌లో వదిలేస్తే ఆ బలం తలకిందులై ప్రొపెల్లర్ వైపు నుంచి వస్తాది, పట్టు సడలుతాది. ఇంజన్ కదలనంటాది, షాఫ్ట్ తిరుగుతానంటాది, నడాన కోను అరుగుతాది. చప్పుడు ఉండదు, వాసన ఉండదు. తెలిసేది ఇంజన్‌తో అవసరం పడిన రోజే.

కాబట్టి, ఇంజన్ ఆపినంక ఫార్వర్డ్‌లో వదలొద్దు.

రెక్కలు ముడుచుకోని మామూలు ప్రొపెల్లర్ అయితే న్యూట్రల్. బోటు ఇంజన్లు చేసే యాన్మార్ వాళ్లు చెప్పేదీ ఇదే. షాఫ్ట్ ఊరికే తిరుగుతాంటే అందరికీ భయమేస్తాది, తిరగనీ. ముడుచుకునే రెక్కలైతే ఇంజన్ ఆపి రివర్స్ వెయ్యాల. షాఫ్ట్ నిలబడితే నీళ్ల ఒరవడికి రెక్కలు వాటంతటవే మూసుకుంటాయి. హైడ్రాలిక్ గేర్‌బాక్స్ సంగతి వేరు. ఇంజన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ ఉండదు, లీవరు యాడ పెట్టినా షాఫ్ట్‌ను ఆపలేదు. వాటిలో కొన్ని ఎంతసేపు తిరిగినా ఏమీ కాదు. కొన్నిట్లో ఇంజన్ నడవకపోతే వెనక బేరింగ్‌కు ఆయిల్ అందదు, కాలిపోతాది. మీ గేర్‌బాక్స్ ఏ రకమో మాన్యువల్ తీసి చూడండి, పక్క బోటు వాణ్ని అడగొద్దు. గంటకోసారి బాక్స్ పైన చెయ్యి ఆనించి చూస్తే వేడి తెలుస్తాది.

నవంబర్ నుంచి మార్చి దాకా వాయవ్యం నుంచి షమాల్ విరుచుకు పడుతుంది. ఒక్క పూటలోనే సముద్రం మారిపోతాది. అప్పుడు పట్టుకోవాల్సింది ఈ ఇంజన్నే. అందుకే ఇప్పుడే చూసుకోండి.

గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ మాదిరి ఉంటే లోపలికి నీళ్లొచ్చినట్టు. సెయిల్‌డ్రైవ్‌లో (పొడుగు షాఫ్ట్ లేకుండా బోటు అడుగు నుంచి నేరుగా నీళ్లలోకి దిగే గేర్‌బాక్స్ కాలు) ఎక్కువసార్లు కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న గాలం దారం, సీలును కోసేస్తాది.

జింక్ ఆనోడ్ (మిగతా లోహం బదులు తాను తినుకుపోయే జింక్ ముక్క) సగం అరిగిందంటే మార్చెయ్.

గేర్‌బాక్స్‌ను షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ బోల్టులు బిగించి చూడు. అవి ఊడితే షాఫ్ట్ వెనక్కి జారి, ఆ రంధ్రంలోంచి సముద్రం లోపలికొస్తాది.

తిరిగే షాఫ్ట్ దగ్గరికి లుంగీతో, మెళ్లో తువ్వాలుతో పోవద్దు.

చేత్తో ఆపొద్దు. స్పానర్ అడ్డం పెట్టొద్దు. పెట్టినోడు మర్చిపోతాడు, ఇంకోడు స్టార్ట్ చేస్తాడు.

బోటు వేగంగా పోతాంటే రివర్స్ గుద్దొద్దు. ముక్కు గాలికి తిప్పి, నెమ్మదించినంక వెయ్.

తాళం తిప్పే ముందు లీవరు న్యూట్రల్‌కు తే. నీళ్లలో వేలాడే తాడు ఉందేమో చుట్టూ చూడు.

స్టార్ట్ కాకుంటే సెల్ఫ్ కొడతానే ఉండొద్దు. చల్లబరిచే నీళ్లు సైలెన్సర్‌లో నిండి ఇంజన్ లోపలికి పోతాయి. ముందు నీళ్ల వాల్వు మూసి కొట్టు, అంటుకోగానే తెరువు.

ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుని కిందికి దిగాల్సి వస్తే, తాళం తీసి నీ జేబులో వేసుకుని దిగు.

ఫార్వర్డ్‌లో వదలొద్దు. ఓనరు చెప్పినా వదలొద్దు, ఆయనకు మాన్యువల్ పేజీ చూపించు.

రాత్రి డ్యూటీ మారేటప్పుడు లీవరు యాడుందో నోటితో చెప్పు, వచ్చినోడు చేత్తో తడిమి చూసి మళ్లీ చెప్పాల. చెప్పకుంటే నువ్వు పోయి పడుకోవద్దు.