మిగిలిన బంకమట్టిని మళ్లీ చక్రం మీదికి తేవడం ఎలా?

కుండలు, గిన్నెలు చేసే చోట మట్టి ఎంతో మిగులుతుంది. వంకరపోయిన గిన్నెలు, అడుగు చెక్కినప్పుడు రాలిన చెక్కుళ్లు, చేతులు కడిగిన బకెట్టులో పేరుకున్న బురద. కాల్చనంత వరకు ఇదంతా పనికొచ్చే మట్టే. బట్టీలో 600 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఇక నానదు.

1. రకాలు కలపకండి. 1,000 డిగ్రీల దగ్గర కాల్చే ఎర్రమట్టి, ఎక్కువ వేడిలో కాల్చే స్టోన్‌వేర్ మట్టి ఉన్న బకెట్టులో పడి 1,250 డిగ్రీలకు వెళ్తే గిన్నె ఉబ్బుతుంది, కుంగిపోతుంది కూడా.

2. పుటుక్కున విరిగేంతగా ఎండనివ్వండి. అందరూ తొందరపడేది ఇక్కడే. నేనూ మొదట్లో సగం ఆరిన ముద్దలను నీళ్లలో వేశాను, వారమైనా ముద్దలు ముద్దల్లాగే ఉన్నాయి. తడి మట్టి సందుల్లో అప్పటికే నీళ్లుంటాయి, కొత్త నీళ్లు దూరవు. ఎండిన మట్టి మాత్రం నీళ్లను గబగబా పీల్చుకుని, బుడగలు వదులుతూ దానంతటదే విచ్చిపోతుంది.

3. ముక్కలను గుడ్డలో మూటకట్టి చితక్కొట్టి, పైన రెండంగుళాలు నిలిచేలా నీళ్లు పోయండి. కలపొద్దు. ఒక రోజు వదిలేసి పైన తేరిన నీటిని తీసేయండి. చేతులు కడిగిన బురద కూడా ఇందులోనే వేయండి. మట్టికి సాగే గుణమిచ్చే సన్నటి రేణువులు అందులోనే ఎక్కువ.

4. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక మీద అంగుళంన్నర మందాన పరవండి. అంచులు లేవగానే తిరగేయండి. పలకను ఇనుప గరిటెతో గీకొద్దు. చిన్న పలుకు మట్టిలో కలిసినా, కాల్చాక తేమ పీల్చి ఉబ్బి గిన్నెను పెచ్చులూడగొడుతుంది. ఈ టెన్షన్ వద్దనుకుంటే పాత నూలు దుప్పటి చాలు, కాకపోతే ఆరడానికి ఇంకో రోజు పడుతుంది.

5. బాగా పిసికి, తీగతో అడ్డంగా కోసి చూడండి. చిల్లులు కనిపిస్తే మళ్లీ పిసకాలి. గాలి బుడగల వల్లే కుండ బట్టీలో పేలుతుందంటారు గానీ, అసలు కారణం ఆరని తేమ ఆవిరి కావడం. బుడగల బాధ చక్రం మీదే, గోడ ఎత్తేటప్పుడు చెయ్యి కుదరదు.

ఎండు మట్టి కొట్టేటప్పుడు ఎన్‌95 మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ములోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అందుకే నేలను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ పిండిన నీళ్లు సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది. వేరే బకెట్టులో తేరనిచ్చి, పై నీటిని మొక్కలకు పోయండి.