పరుగెత్తే కుక్కను నలుపు-తెలుపులో ఫొటో తీయడం, ఎడిట్ చేయడం ఎలా?

పచ్చగడ్డి మీద పరుగెత్తే గోధుమరంగు నాటు కుక్కను రంగుల్లో ఫొటో తీస్తే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే ఫొటోను నలుపు-తెలుపులోకి మార్చగానే కుక్క గడ్డిలో కలిసిపోతుంది. ఆకుపచ్చ, గోధుమ వేర్వేరు రంగులే అయినా వాటి వెలుగు ఇంచుమించు సమానం కావడమే దీనికి కారణం. రంగు తీసేశాక ఫొటోలో మిగిలేది ఆ వెలుగు ఒక్కటే. మా ఇంటి కుక్కను తొలిసారి ఇలా తీసిన రోజు ఇంటికి వచ్చి చూసుకుంటే, బూడిదరంగు గడ్డిలో బూడిదరంగు కుక్క తప్ప మరేమీ కనిపించలేదు. ఫోకస్ సరిగానే ఉంది, షట్టర్ స్పీడు సరిగానే ఉంది, అయినా ఫొటో లేదు. అందుకే నలుపు-తెలుపు ఫొటోకు తొలి మెట్టు కెమెరా సెట్టింగ్ కాదని, కుక్క వెనుక ఏముండాలో ముందుగా నిర్ణయించుకోవడమని నేను గట్టిగా నమ్ముతాను.

కుక్క రంగును బట్టి చోటును ఎంచుకోండి

నల్ల కుక్క అయితే కోత పూర్తయి కొయ్యకాళ్లు మాత్రమే మిగిలిన వరి పొలం గానీ, ఏటి ఒడ్డున ఇసుక తిన్నె గానీ బాగుంటుంది. లేత నేపథ్యం మీద దాని ఆకారం చెవి కొన నుంచి తోక కొన వరకు స్పష్టంగా తేలుతుంది. తెల్ల కుక్కకు, లేత గోధుమరంగు కుక్కకు ఇందుకు విరుద్ధంగా ముదురు నేపథ్యం కావాలి. కొత్తగా దున్నిన నల్లరేగడి చేను, ఎండ తగలకుండా నీడలో ఉన్న చెట్ల వరుస ఇందుకు పనికివస్తాయి. నలుపు తెలుపు మచ్చలు కలగలిసిన కుక్క ఏ నేపథ్యంలోనైనా సగం కలిసిపోతుంది కాబట్టి, దానికి తడి ఇసుక వంటి గీతలూ గడ్డిపరకలూ లేని మధ్యస్థమైన బూడిదరంగు నేల మేలు.

కుక్క ఏ రంగుదైనా సరే పనికొచ్చే చోటు ఒకటుంది, అది చెరువు గట్టు. గట్టు మీద కుక్క పరుగెత్తుతుండగా మీరు గట్టు దిగువన కూర్చుని పైకి గురిపెడితే దాని వెనుక ఆకాశం తప్ప మరేమీ ఉండదు. వివరాలు కనిపించకపోయినా నాలుగు కాళ్లు, నడుము వంపు, తోక ఒకే గీతలో గీసినట్టు వస్తాయి.

ఎంచుకున్న చోటు సరైనదో కాదో తెలుసుకోవడానికి కళ్లు సగం మూసి చూడండి. అప్పుడు చిన్న వివరాలు మరుగున పడి వెలుగునీడలు మిగులుతాయి. మరింత కచ్చితంగా చూడాలంటే ఫోన్ కెమెరాలో మోనో (నలుపు-తెలుపు) ఫిల్టర్ పెట్టి, నిలబడి ఉన్న కుక్కను అక్కడే ఒక ఫొటో తీసుకోవచ్చు. నిలబడిన కుక్కే నేపథ్యంలో కలిసిపోతే పరుగెత్తే కుక్క అసలే తేలదు.

వేళ, కుక్క క్షేమం

సూర్యోదయమైన తర్వాత గంట, గంటన్నర లోపు వచ్చే ఏటవాలు వెలుగు ఈ పనికి శ్రేష్ఠం. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడితే కుక్క ఒంటి మీద నీడలు లేక చదునుగా కనిపిస్తుంది. పక్క నుంచి పడితే భుజం కండరాలు, పక్కటెముకలు, వెంట్రుకల తీరు ఒక్కొక్కటిగా బయటపడతాయి. నల్ల కుక్కను మాత్రం కొంచెం వెనుక నుంచి వచ్చే వెలుగులో తీయండి, వెన్ను పొడవునా సన్నని వెలుగు గీత ఏర్పడుతుంది.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అది ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వదిలించుకుంటుంది. కాబట్టి వేసవిలో ఎండ ఎక్కాక దాన్ని పరుగెత్తించకూడదు. కడుపు నిండా తిన్న వెంటనే కూడా వద్దు. ఐదారు పరుగుల తర్వాత నీళ్లు పెట్టి నీడలో పడుకోనివ్వండి. మళ్లీ తనంతట తాను లేచి ఆటకు వస్తేనే కొనసాగించండి. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఖాళీ స్థలాల కంటే చుట్టూ ప్రహరీ గానీ కంచె గానీ ఉన్న చోటే మంచిది.

కెమెరా సెట్టింగులు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కుక్క సెకనుకు 10 మీటర్లు కదులుతుంది, అంటే 1/1000 సెకనులో 1 సెంటీమీటరు. ఇది తక్కువేనని అనిపించవచ్చు. కానీ 80 సెంటీమీటర్ల పొడవున్న కుక్క, 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో సగం మేర ఆక్రమిస్తే ఆ సెంటీమీటరు దాదాపు 37 పిక్సెళ్ల మసక అవుతుంది. ముందుకు విసిరే పంజా శరీరం కంటే వేగంగా కదులుతుంది కనుక అక్కడ మసక ఇంకా ఎక్కువ. కాబట్టి అడ్డంగా పరుగెత్తే కుక్కకు షట్టర్ స్పీడు, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, 1/2000 సెకను పెట్టండి. కెమెరాను కుక్కతో పాటు తిప్పుతూ తీస్తే శరీరపు కదలిక చాలావరకు రద్దవుతుంది కాబట్టి 1/1000 కూడా సరిపోతుంది.

ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6 మధ్య ఉంచితే ముక్కు నుంచి భుజం దాకా స్పష్టత ఉండి నేపథ్యం మెత్తబడుతుంది. వెలుగుకు కెమెరా స్పందనను తెలిపే ఐఎస్ఓ 1600కో 3200కో చేరినా భయపడనవసరం లేదు, రంగుల ఫొటోలో చికాకు పెట్టే నాయిస్ (చుక్కచుక్కల గరుకుదనం) నలుపు-తెలుపులో ఫిల్మ్ రేణువుల్లా ఒదిగిపోతుంది. ఫోకస్‌ను నిరంతర ఫోకస్ మీద పెట్టండి, దాన్ని కెనాన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో అని, నికాన్, సోనీలలో ఏఎఫ్-సి అని అంటారు. జంతువుల కంటిని గుర్తించే సదుపాయం ఉంటే వాడుకోండి, లేకపోతే చిన్న ఫోకస్ జోన్‌ను కుక్క తల, రొమ్ము ఉండే చోట నిలపండి. మిర్రర్‌లెస్ కెమెరాలో మెకానికల్ షట్టర్ ఉంటే దాన్నే ఎంచుకోండి. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సారును వరుసవరుసగా చదువుతుంది కాబట్టి వేగంగా కదిలే కాళ్లు వంకరగా రావచ్చు.

ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే మొత్తం వెలుగును, మాన్యువల్‌లో స్థిరపరచాలి. నల్ల దుక్కిలో తెల్ల కుక్క పరుగెత్తితే ఆటోమేటిక్ మీటరు దృశ్యమంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, దాంతో కుక్క ఒళ్లు వివరం లేని తెల్లటి మచ్చ అవుతుంది. లేత ఇసుక మీద నల్ల కుక్కకు ఇందుకు విరుద్ధమైన నష్టం జరుగుతుంది. ఒకటి రెండు పరీక్ష ఫొటోలు తీసి తెల్లని చోట్ల వివరం పోలేదని నిర్ధారించుకున్నాక, వెలుతురు మారనంత వరకు ఆ సెట్టింగును కదిలించకండి.

ఫైలును తప్పకుండా రా (RAW) ఫార్మాట్‌లో, అంటే సెన్సారు పట్టిన సమాచారాన్ని అలాగే దాచే ఫైలుగా, తీయండి. కెమెరాలో మోనోక్రోమ్ ప్రొఫైల్ పెట్టుకుంటే తెర మీద బొమ్మ నలుపు-తెలుపులో కనిపిస్తుంది, రా ఫైలులో రంగుల సమాచారం మాత్రం భద్రంగా ఉంటుంది. జేపెగ్‌లో అలా కాదు, ఒకసారి రంగు పోతే తిరిగి రాదు. ఎడిటింగ్ అంతా ఆ రంగుల ఆధారంగానే జరుగుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు.

ఫోన్‌తో తీసేవారు డిజిటల్ జూమ్ మానేసి, కుక్క వచ్చే దారికి దగ్గరగా కూర్చుని, అది దాటబోయే చోట తెరను నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, బర్స్ట్‌లో (ఆగకుండా వరుసగా ఫొటోలు తీసే పద్ధతిలో) తీయాలి. ప్రో మోడ్ ఉంటే షట్టర్‌ను 1/1000 దగ్గర ఆపండి.

పరుగెత్తించడం, తీయడం

ఈ పని ఇద్దరుంటేనే సజావుగా సాగుతుంది. ఒకరు కుక్కను ఒక చివర పట్టుకుంటారు, రెండో వారు అవతలి చివర నుంచి దానికి ఇష్టమైన బంతిని గానీ తిండిని గానీ చూపి పిలుస్తారు. వారిద్దరి మధ్య దారికి పక్కగా, పది పన్నెండు మీటర్ల దూరంలో మీరు 70-200 మి.మీ. లెన్సుతో ఉండాలి. నిలబడి తీస్తే కుక్క వెనుక నేల మాత్రమే వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, వీలైతే బోర్లా పడుకుని, లెన్సును కుక్క రొమ్ము ఎత్తుకు దించండి. పంజాల కింద గాలి కనిపించేది అక్కడి నుంచే.

మొదట అడ్డంగా పరుగెత్తించి చేయి అలవాటు చేసుకున్నాక ఏటవాలుగా, చివరకు ఎదురుగా తీయండి. కెమెరా మీదకు నేరుగా వచ్చే కుక్కతో పాటు దూరం క్షణక్షణం మారుతూ ఉంటుంది కాబట్టి ఫోకస్‌కు అదే అన్నిటికంటే కఠినమైన పరీక్ష. కుక్క మీ ముందుకు వచ్చాక బటన్ నొక్కితే ఆలస్యమైపోతుంది. దూరాన ఉండగానే ఫోకస్ పట్టి దానితో పాటు కదులుతూ ఉండండి.

వేగాన్నే చూపాలనుకుంటే ప్యానింగ్ ప్రయత్నించండి. షట్టర్‌ను 1/40 దగ్గరకు తగ్గించి, కుక్క మీ ఎదురుగా వచ్చే చోటుకు పాదాలు తిప్పి నిలబడి, నడుము నుంచి పైభాగాన్ని మాత్రమే దానితో సమానంగా తిప్పుతూ తీయాలి, బటన్ నొక్కిన తర్వాత కూడా తిప్పడం ఆపకూడదు. తల స్పష్టంగా ఉండి కాళ్లు, నేల చారలుగా సాగిపోతాయి. పదుల కొద్దీ ఫ్రేములు తీస్తే ఒకటి రెండు నిలుస్తాయి, అది ఈ పద్ధతి స్వభావం. ఎండ తీవ్రంగా ఉంటే 1/40 దగ్గర ఫొటో తెల్లబడిపోతుంది కనుక లెన్సులోకి వచ్చే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ అవసరమవుతుంది.

ఏ ఫ్రేమును ఉంచాలి?

1878లో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కెమెరాలను వరుసగా నిలిపి తీసిన ఫొటోలు, దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ నేలను వదిలేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని, చిత్రకారులు గీస్తూ వచ్చినట్టు చాపుకున్నప్పుడు కాదని చూపాయి. గ్రేహౌండ్, ముధోల్ హౌండ్ వంటి వేటకుక్కలు పూర్తి వేగంలో రెండుసార్లు గాలిలో ఉంటాయి: కాళ్లు ముందుకూ వెనక్కూ పూర్తిగా చాచినప్పుడు ఒకసారి, నడుము విల్లులా వంచి నాలుగింటినీ కిందికి ముడిచినప్పుడు ఇంకోసారి. మీ బర్స్ట్‌లో వెతకవలసినవి ఈ రెండు క్షణాలే. మధ్యలో ఒక కాలి వెనుక మరో కాలు దాగి కుక్కకు రెండే కాళ్లున్నట్టు కనిపించే ఫ్రేములను నిస్సంకోచంగా తీసేయండి.

ఎంపిక చేసేటప్పుడు ఫొటోను పెద్దది చేసి పంజాలను, వాటి నీడలను చూడండి. నేలను తాకిన పంజా దాని నీడతో అంటుకుని ఉంటుంది. గాలిలోకి లేచిన పంజాకూ నీడకూ మధ్య ఎండ పడిన నేల సన్నని పట్టీలా కనిపిస్తుంది. రంగుల్లో మన కన్ను ఆ పట్టీని దాటిపోతుంది, నలుపు-తెలుపులో కుక్క ఎగిరిందని చెప్పేది అదే. రెండు ఫ్రేములు సమానంగా బాగున్నప్పుడు నేను ఆ పట్టీ స్పష్టంగా ఉన్నదాన్నే ఉంచుతాను.

ఎడిటింగ్

ముందు రంగుల్లోనే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగుల సర్దుబాటు) సరిచేయండి, ఎందుకంటే వైట్ బ్యాలెన్స్ మారితే బూడిదరంగు ఛాయలూ మారతాయి. ఆ తర్వాత నలుపు-తెలుపులోకి మార్చండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఎనిమిది రంగుల స్లైడర్లున్న మిక్సర్ ఉంటుంది, ఒక్కో రంగు నలుపు-తెలుపులో ఎంత వెలగాలో వాటితో నిర్ణయించవచ్చు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో కలర్ క్యాలిబ్రేషన్ మాడ్యూల్ ఆ పని చేస్తుంది. ఫోన్‌లో స్నాప్‌సీడ్ యాప్ ఎరుపు, నారింజ, పసుపు వంటి రంగు ఫిల్టర్లను ఇస్తుంది. సాచురేషన్‌ను (రంగుల గాఢతను) సున్నాకు దించి నలుపు-తెలుపు చేసే పద్ధతిని నేను సూచించను, అందులో ఏ రంగు ఎంత వెలగాలో మీ చేతిలో ఉండదు.

గోధుమరంగు కుక్క ఒళ్లు ఎక్కువగా నారింజ స్లైడర్‌కు స్పందిస్తుంది కాబట్టి దాన్ని 30 వరకు పెంచి చూడండి. గడ్డిని ముదురు చేయడానికి ఆకుపచ్చను తగ్గిస్తే పెద్దగా మార్పు రాకపోవచ్చు, కంటికి ఆకుపచ్చగా కనిపించే గడ్డిలో కెమెరాకు దొరికేది చాలావరకు పసుపే. పసుపును మైనస్ 20 దాకా తగ్గించగానే గడ్డి దిగిపోయి కుక్క పైకి తేలుతుంది. అయితే కుక్క పొట్ట పక్కన లేత వెంట్రుకల్లోనూ పసుపు ఉంటుంది కనుక, అక్కడ మురికి మచ్చలు కనిపించిన క్షణమే ఆగిపోవాలి. ఎరుపును ఎక్కువ పెంచితే నాలుక సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. నీలాన్ని బాగా తగ్గించి ఆకాశాన్ని నల్లగా చేస్తే నాయిస్ లేస్తుంది, చెవుల అంచు వెంట తెల్లని గీత కూడా ఏర్పడుతుంది.

అచ్చమైన నలుపు, తెలుపు కుక్కల ఒంటి మీద ఈ స్లైడర్లు దాదాపు పనిచేయవు, వాటిలో రంగే లేదు. అక్కడ మీరు మార్చగలిగేది నేపథ్యాన్నే. నల్ల కుక్క పచ్చిక మీద ఉంటే పసుపు, ఆకుపచ్చలను పెంచి గడ్డిని లేతగా చేయండి.

కాంట్రాస్ట్‌ను (వెలుగునీడల తేడాను) ఒకేసారి ఫొటో అంతటికీ పెంచకుండా, వెలుగు ఛాయలను విడిగా సర్దే కర్వ్‌లో కొద్దికొద్దిగా పెంచుతూ నల్ల కుక్క భుజం దగ్గర వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అవి కలిసిపోయి ముద్ద అయితే ఒక అడుగు వెనక్కి రండి. ఆ తర్వాత బ్రష్ తీసుకుని ముఖం, రొమ్ము, ముందు కాళ్ల పై అంచులను పావు స్టాప్ (స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం) మాత్రం వెలిగించి, నేపథ్యంలో చూపును లాగే తెల్లని రాళ్లను, ప్లాస్టిక్ కవర్లను ముదురు చేయండి. కంటిలోని మెరుపును మాత్రమే పెంచాలి; కన్నంతా వెలిగిస్తే గాజు కన్నులా ఉంటుంది. పంజాలు లేపిన దుమ్ము ఉంటే దాని వెనుక భాగాన్ని కొంచెం నల్లబరచండి, రేణువులు విడివిడిగా తేలుతాయి. వివరాలను పదునుగా చూపే క్లారిటీ స్లైడర్‌ను ఒంటి మీదే వాడండి, నేపథ్యానికి వద్దు.

క్రాప్ చేసేటప్పుడు కుక్క ముందు పరుగెత్తడానికి కొంత చోటు వదిలి, తోక కొన తెగకుండా చూడండి.

ప్రింట్ తీయించదలిస్తే మ్యాట్ కాగితం నాకు నచ్చుతుంది, కానీ దాని మీద నలుపు తెర మీద ఉన్నంత లోతుగా రాదు, నీడల్లో వివరాలు మూసుకుపోతాయి. అందువల్ల ఫైలులో నీడలను కొద్దిగా పైకి ఎత్తి, ముందు పోస్టుకార్డు సైజులో ఒక ప్రింట్ తీయించండి. దాన్ని కిటికీ దగ్గర చేయి చాచిన దూరంలో పట్టుకుని నాలుగు పంజాలనూ లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే ఆ కాలి దగ్గరి నేలను మరికాస్త వెలిగించి, మళ్లీ ప్రింట్‌కు పంపండి.