ముసలి కుక్క పడిపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు: ఎండలు ముదిరే ముందు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం కర్నూలులో తెలిసినవాళ్ళింట్లో పన్నెండేళ్ళ లాబ్రడార్ చనిపోయింది. మధ్యాహ్నం వరండాలో ఒక పక్కకు కూలబడింది, తల వంకర పోయింది. చూసిన ప్రతివాళ్ళూ వడదెబ్బ అన్నారు. ఒకరు మూతి పైకెత్తి పట్టుకుంటే ఇంకొకరు గ్లూకోజు నీళ్ళు పోశారు. మింగడం లేదని మళ్ళీ పోశారు. సాయంత్రం చూసిన డాక్టరు ఇది వడదెబ్బ కాదు, మెదడులో స్ట్రోకు, తేరుకునే అవకాశం బాగానే ఉందన్నారు. మర్నాడు యజమాని గొంతు వినగానే తోక కూడా ఆడించింది. ఆ తర్వాత ఎగశ్వాస మొదలైంది. దాన్ని చంపింది స్ట్రోకు కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు.

పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఇది నాకు కొత్త కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఇలాంటి కేసులు వరసగా వస్తాయి. కుక్కను బల్ల మీద పడుకోబెట్టగానే ముక్కు అంచున తెల్లటి నురగ బుడగ కనిపిస్తుంది, దగ్గరికి వంగితే పులిసిన మజ్జిగ వాసన కొడుతుంది, ఛాతీ దగ్గర చెవి పెడితే లోపల గరగరమంటూ ఉంటుంది. "ఏం తాపినారు?" అని అడిగితే, "ఏం లేదు సార్, కొంచెం మజ్జిగ తాపినాం, అంతే" అంటారు. ఆ కొంచెమే చాలు.

అందుకే అన్నిటికంటే ముందు ఇది చెప్తున్నాను: పడిపోయిన కుక్క నోట్లో నీళ్ళు పోయొద్దు. మజ్జిగ వద్దు, గ్లూకోజు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, పాలు వద్దు. సిరంజితో వద్దు, స్పూనుతో కూడా వద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే

గొంతులో ఊపిరిగొట్టం, ఆహారగొట్టం పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో ఊపిరిగొట్టం మూసుకోవాలి. ఆ పని చేయించేది మెదడు. స్ట్రోకు వచ్చినప్పుడు ఆ ఆజ్ఞ సరిగా అందకపోవచ్చు. పైగా మనం మూతి పైకెత్తి పట్టుకుంటే ద్రవం నేరుగా వెనక్కి జారి ఊపిరిగొట్టంలోకి పోతుంది. దగ్గు వస్తే నయం, కొంతైనా బయటికి వస్తుంది. స్ట్రోకు వచ్చిన కుక్కకు ఒక్కోసారి ఆ దగ్గు కూడా రాదు. చుట్టూ ఉన్నవాళ్ళు "మింగింది, మింగింది" అని సంతోషపడతారు. ఒకటి రెండు రోజుల్లో న్యుమోనియా.

మన వైపు పశువులున్న ఇళ్ళలో ఎద్దుకు, గేదెకు మూతి ఎత్తిపట్టి గొట్టంతో మందు తాపడం తాతల నాటి అలవాటు. అదే చెయ్యి కుక్క మీదకూ పోతుంది. నిజానికి పశువుల్లో కూడా అలా తాపినందువల్ల ఊపిరితిత్తులు చెడి చనిపోయినవి ఉన్నాయి. పక్షవాతానికని ముక్కులో ఆకుపసరు పిండేవాళ్ళనైతే దగ్గరికే రానివ్వకండి.

రెండో కారణం మీ ప్రాణానికి సంబంధించింది. రేబిస్‌లో ఒక రకం కరవడానికి మీదపడదు. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు, కాళ్ళు పడిపోతాయి. చూడటానికి పక్షవాతం మాదిరే ఉంటుంది. టీకాలు సక్రమంగా వేయించని కుక్క ఇలా పడిపోతే దాని నోట్లో చెయ్యి పెట్టొద్దు. చొంగ చేతి మీద గాయానికి తగిలితే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోండి. అక్కడ ఉచితం.

వడదెబ్బా, స్ట్రోకా?

44 డిగ్రీల ఎండలో కుక్క పడిపోతే వడదెబ్బ అనిపించడం సహజం. తేల్చుకోవడానికి మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు చాలు. కొనకు వాజలీను రాసి మలద్వారంలో పెట్టి చూడండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనిషికి జ్వరం అనిపించే అంకె దానికి మామూలే, కంగారు వద్దు. 105 దాటి, విపరీతంగా ఎగరోజుతూ, చిగుళ్ళు ఎర్రగా ఉంటే వడదెబ్బ. వేడి మామూలుగా ఉండి, తల ఒక పక్కకు వాలిపోయి, కనుగుడ్లు గడియారం లోలకంలా అటూ ఇటూ కొట్టుకుంటూ, లేపితే ఒకే పక్కకు పడుతుంటే అది మెదడుకో, లోపలి చెవికో సంబంధించింది.

వడదెబ్బే అయినా నీళ్ళు పోయాల్సింది ఒంటి మీద, నోట్లో కాదు. మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా తడిసేలా పోసి ఫ్యాను పెట్టండి. ఐసు గడ్డలు వద్దు. తడి దుప్పటి కప్పి వదిలేయొద్దు, దాని కింద వేడి నిలిచిపోతుంది. 103కి దిగగానే తడపడం ఆపేసి ఆసుపత్రికి బయల్దేరండి. ఏ జబ్బో తేలకపోయినా సూత్రం ఒకటే: నీళ్ళు ఒంటి మీద, నోట్లో కాదు.

"నీళ్ళు లేకుంటే చచ్చిపోదా సార్?" అని అడుగుతారు. దారిలో గడిచే రెండు మూడు గంటల్లో దాహంతో చావదు. డాక్టరు దగ్గర సెలైన్ ఉంటుంది, నరానికి ఎక్కిస్తారు, లేదంటే చర్మం కింద ఇస్తారు. ఆ దారిలో పోయే నీరు ఊపిరిగొట్టంలోకి జారదు, ఎంత ఎక్కించాలో డాక్టరు చూసుకుంటారు.

ముందు మూడు రోజులు

తొందరపడి "ప్రాణం పోయే ఇంజెక్షన్ వేసి పంపించేయండి" అనొద్దు. ముసలి కుక్కలకు వచ్చే లోపలి చెవి జబ్బు ఒకటుంది. అచ్చం స్ట్రోకులా ఉంటుంది: తల వంకర, కనుగుడ్ల కదలిక, వాంతులు, నిలబడలేకపోవడం. మొదటి రోజు చూస్తే ఇక అయిపోయిందనిపిస్తుంది. కానీ చాలావాటిలో 72 గంటల్లో మార్పు మొదలై, రెండు మూడు వారాల్లో నడుస్తాయి. తల కొంచెం వంకరగా మిగిలిపోవచ్చు. అలా వంకర తలతోనే గేటు దగ్గర కాపలా కాస్తున్న కుక్కలు ఎన్నో ఉన్నాయి. నిజమైన స్ట్రోకు వచ్చినవి కూడా సేవ బాగా దొరికితే కొన్ని వారాల్లో తేరుకుంటాయి. ఏది ఏదో ఖాయంగా తేల్చేది ఎమ్మారై. దానికి బెంగళూరుకో హైదరాబాద్‌కో పోవాల్సి వస్తుంది. పోలేనివాళ్ళు బాధపడక్కర్లేదు, సేవ రెండింటికీ దాదాపు ఒకటే.

ఎమ్మారై లేకపోయినా రక్తపరీక్ష మాత్రం మానొద్దు. కుక్కల్లో స్ట్రోకు వెనక కిడ్నీ జబ్బు, బీపీ, షుగరు, హార్మోన్ల తేడాలు, గుండె జబ్బు ఉండొచ్చు. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి మెదడులో రక్తస్రావం కావడం కూడా ఉంది. మన జిల్లాల్లో గోమార్లు ఎంతగా ఉంటాయో చెప్పక్కర్లేదు, అందుకే ప్లేట్‌లెట్లు చూడమని అడగండి. కుక్కకు బీపీ కూడా చూస్తారు, ముందరి కాలికో తోకకో పట్టీ కట్టి. కడప జిల్లావాళ్ళకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. బండి దొరకకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేసి అడగండి.

ఇల్లు

మన ఇళ్ళలో కడప బండలో, బేతంచెర్ల బండలో ఉంటాయి. నునుపు పట్టిన బండ మీద కాలు పట్టు దొరకని కుక్క పదే పదే జారుతుంది. రెండుసార్లు జారిందంటే ఇక లేవడానికే భయపడుతుంది, మనం కాళ్ళు పూర్తిగా పడిపోయాయని అనుకుంటాం. మంచం దగ్గర నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణుంచి వాకిలి దాకా గోనెపట్టలు పరవండి. అంచులు మడత పడకుండా చూసుకోండి. పడక కింద మందంగా బొంత ఉండాలి. ఉత్త బండ చల్లగా ఉంటుందని దాని మీదే వదిలేస్తే తుంటి ఎముక దగ్గర, మోచేతి దగ్గర పుండు పడుతుంది. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. ఇంట్లో నలుగురుంటే వంతులు వేసుకోండి.

ఎండ సంగతి చాలామందికి తట్టదు. పొద్దున నీడ ఉన్న మూలకే పదకొండు గంటలకు కిటికీలోంచి ఎండ వస్తుంది. బాగున్న కుక్క లేచి జరుగుతుంది. ఇది జరగలేదు, అరవనూ లేదు. ఆఫీసుకు పోయేముందు పడక ఎక్కడుందో కాదు, మధ్యాహ్నం ఎండ ఎక్కడికి వస్తుందో చూసుకుని పడుకోబెట్టండి. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ముందే ఆలోచించుకోండి.

తిండి, నీళ్ళు

మింగగలదని డాక్టరు చూసి చెప్పాకే మొదలుపెట్టాలి. కుక్కను బోర్లా, ఛాతీ మీద ఆనేలా కూర్చోబెట్టండి. రెండు పక్కలా దిండ్లు పెట్టండి. తల నేలకు సమానంగా ఉండాలి, పైకి ఎత్తకూడదు. వెడల్పు పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి మూతి ముందు పెట్టండి. అదే నాకి తాగాలి. మీరు పోయకూడదు. దగ్గినా, ముక్కులోంచి నీళ్ళు వచ్చినా అక్కడితో ఆపేసి డాక్టరుకు చెప్పండి.

పల్చటి ద్రవం కంటే మెత్తటి చిన్న ముద్ద మింగడం సులువు. సంగటి పెట్టే అలవాటుంటే జిగురుగా అంటుకునే పెద్ద ముద్ద వద్దు, బాగా మెదిపి పెట్టండి. ఉల్లిపాయ పడిన కూర కలపొద్దు, కుక్క రక్తానికి అది విషం. మూతి ఒక పక్క జారి ఉంటే ఆ బుగ్గలో మెతుకులు నిలుస్తాయి. టీకాలున్న కుక్కైతే తడి గుడ్డ వేలికి చుట్టుకుని తీసేయండి. తిన్నాక 20 నిమిషాలు అలాగే కూర్చోబెట్టాలి, వెంటనే పక్కకు వాల్చొద్దు. మాత్రలు నీళ్ళలో కరిగించి పోయడం కూడా నోట్లో నీళ్ళు పోయడమే. మింగలేకపోతే ఇంజెక్షన్ అడగండి.

ఇక మిగతావి, ఒకదాని వెంట ఒకటి:

– ఇంట్లో పెద్దాయన రక్తం గడ్డకట్టకుండా వాడే ఎకోస్ప్రిన్ మాత్ర కుక్కకు వేయొద్దు. స్ట్రోకు రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చిందో, రక్తం కారడం వల్ల వచ్చిందో మీకు తెలియదు. రెండోదైతే ఆ మాత్రే చంపొచ్చు.

– పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. సగం ముక్క కూడా వద్దు.

– వాంతి చేసుకుంటుంటే తల కొంచెం కిందికి ఉండేలా పక్కకు పడుకోబెట్టండి. నోరు మూసి పట్టుకోవద్దు.

– నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటితే, దగ్గు, జ్వరం, ముక్కులో చీమిడి ఉంటే అదే పూట ఆసుపత్రికి.

– 12 గంటలు మూత్రం పోయకపోతే డాక్టరుకు చెప్పాలి. పొత్తికడుపు నొక్కి పోయించడం ఆయన దగ్గర చూసి నేర్చుకోండి. వీడియో చూసి నొక్కొద్దు.

– వెనక భాగంలో జుట్టు కత్తిరించండి. మూత్రంతో తడిసిన జుట్టు మీద ఈగలు వాలితే ఒక రోజులో పురుగులు పడతాయి. పడితే ఫినాయిల్ పోయొద్దు, కిరోసిన్ పోయొద్దు, ఆసుపత్రికి తీసుకురండి.

– కాళ్ళు మెల్లగా మడిచి చాపండి, ఒక్కో కాలికి పది పదిహేనుసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. మూలిగితే ఆపండి.

– నిలబెట్టేటప్పుడు కడుపు కింద తువ్వాలు వేసి పైకి పట్టుకోండి. ముందరి కాళ్ళు పట్టుకుని లాగొద్దు. పిల్లల్ని లేపనివ్వొద్దు.

– చూపు తగ్గిన పక్క నుంచి మాట్లాడకుండా ముట్టుకోవద్దు. ఎంత సాధువైన కుక్కైనా ఉలిక్కిపడి కరుస్తుంది.

– గోళ్ళు కత్తిరించండి.

– సంపు మూత మూసి, మీద బరువు పెట్టండి. మెట్లకు అడ్డం కట్టండి.

– నడిపించేది తెల్లవారుజామునే, అయిదు నిమిషాలే. రోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించలేకపోతే దాని పాదం కూడా పెట్టించొద్దు.

– మీరు ఊళ్ళో లేనప్పుడు చూసుకునేవాళ్ళకు, పనిమనిషికి, పక్కింటివాళ్ళకు, బళ్ళోంచి వచ్చే పిల్లలకు అందరికీ చెప్పండి: అది నోరు తెరిచి చూసినా, నాలుక చాపినా, జాలేసినా, నోట్లో నీళ్ళు పోయొద్దు. పళ్ళెం ముందు పెట్టడం వరకే.

– ఆసుపత్రికి తెచ్చేటప్పుడు మధ్యాహ్నం ఆటో ఎక్కించొద్దు. పొద్దున తొమ్మిదిలోపో, ఎండ దిగాకో తీసుకురండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం వేళ చూడొద్దు. ముందే ఫోన్ చేసి డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి, వాడుతున్న మందుల చీటీ, టీకాల కార్డు వెంట తెచ్చుకోండి.