హైదరాబాదుకు వచ్చి పాత డీజిల్ కారు కొంటున్నారా?

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో తిరిగొచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళు చాలామంది ముందుగా ఓ పాత డీజిల్ బండి చూస్తారు. రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పోయి రావడమే పనైతే పెట్రోలు బండే నయం. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం అదుపు వదిలేశాక రెంటికీ తేడా మునుపటంత లేదు. తరచూ వరంగల్, విజయవాడ తిరిగేవాళ్ళకు మాత్రం డీజిల్ ఇప్పటికీ గిట్టుబాటే.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వరన్న గొడవ విని బెదిరిపోకండి, అది అక్కడిది. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. ఆపైన ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి పొడిగించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద ఏపీ 09, ఏపీ 28 ఉంటే ఆంధ్రా బండి అనుకోవద్దు. రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టరైంది, అంటే వయసు మీరినట్టే.

అమ్మేవాడు చెప్పే మైలేజి నమ్మకండి. ట్యాంకు ఫుల్ చేయించి, పంపు దానంతటదే కట్ కాగానే ఆపమనండి. ‘రౌండ్ చేస్తా సార్’ అంటే వద్దనండి. సగం ట్యాంకు పైన వాడాక అదే బంకులో మళ్ళీ ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి.

మైలేజి పడిపోయిందనగానే కొందరు మెకానిక్‌లు ఇంజెక్టర్లు విప్పుదామంటారు. జేబుకు చిల్లు! ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు చూడమనండి. బ్రేకు పట్టేస్తోందేమో కూడా చూడాలి: కాసేపు నడిపి దిగి, తాకకుండా చక్రాల దగ్గర చెయ్యి పెడితే పట్టేసినదాని వేడి తెలిసిపోతుంది. నల్లపొగ వస్తూ పికప్ తగ్గితే ఈజీఆర్ వాల్వులో (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మసి పేరుకుందేమో. ట్రాఫిక్‌లోనే తిరిగే బండ్లకు అది మామూలే. ఇంజనాయిల్ మాత్రం మార్చిన మర్నాడే నల్లబడుతుంది, డీజిల్ బండి తీరే అంత.

వానాకాలంలో డీజిల్ ఫిల్టరు కింద ఉండే స్క్రూ వదులు చేయించి, కారేదాన్ని గాజు సీసాలో పట్టించండి. నీళ్ళుంటే అడుక్కి దిగి విడిగా కనబడతాయి. అవి పంపు, ఇంజెక్టర్ల దాకా పోతే తుప్పు, ఆపైన పెద్ద బిల్లు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు, తోయించండి.

మారుతి 2020లో డీజిల్ కార్లు ఆపేసినా వాటిలో ఉండే 1.3 లీటర్ల ఇంజన్ తెలియని షెడ్డు ఇక్కడ అరుదు. సామాన్లకు సికింద్రాబాదులోని రాణిగంజ్ పోండి, పాత ఫిల్టరు చేత పట్టుకుని.