చేతి తుపాకీలో తూటా నింపే ముందు

ఏడాదిగా బీరువాలో ఉన్న మ్యాగజైన్ బయటికి తీస్తున్నా, కొత్త పెట్టె విప్పుతున్నా, ముందు తూటా అడుగున చెక్కిన అక్షరాలు చదవండి. బ్యారెల్ మీద ఉన్నదీ అదేనా చూడండి. ఉత్త '9 ఎంఎం' అంటే సరిపోదు. 9×19, 9×18 మకరోవ్ రెండూ పేరుకి 9 ఎంఎమే, కానీ ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. 'ప్లస్ పి' (మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి రకం) అని ఉన్నవి తుపాకీ తయారీదారు ఒప్పుకుంటేనే వాడాలి. మామూలు 9×19 తూటాకి గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే ప్లస్ పీకి 38,500. రెండు క్యాలిబర్ల పెట్టెలు ఒకే బల్ల మీద తెరిచి పెట్టుకోకండి. కలిసిపోయేది అక్కడే.

ఎక్కువమంది పట్టించుకోని చిక్కు ఇంకొకటుంది. రోజూ తుపాకీ ఖాళీ చేసి, మళ్ళీ అదే తూటాని చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి) ఎక్కించేవాళ్ళకి వచ్చేది. స్లైడ్ (తుపాకీ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ముందుకి దూకినప్పుడల్లా, తూటా కొసన ఉండే బుల్లెట్ ముక్కు ర్యాంప్‌కి, అంటే చాంబర్‌లోకి దారి చూపే వాలుకి, కొట్టుకుంటుంది. కొన్నాళ్ళకి బుల్లెట్ ఇత్తడి కేస్‌లోకి కొంచెం కొంచెంగా దిగిపోతుంది. లోపల తుపాకీమందుకి చోటు తగ్గితే ఒత్తిడి ఎగబాకుతుంది, అదీ కంటికి ఆనని తేడాకే. అనుమానం వస్తే ఆ తూటానీ, అదే పెట్టెలోని కొత్తదాన్నీ చదునైన బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి, పైన స్కేలు అడ్డంగా పెట్టండి. స్కేలు ఒక వైపు వాలితే పొట్టిగా ఉన్నదాన్ని కాల్చకండి, పక్కన పెట్టేయండి. ఎక్కించిన ప్రతిసారీ కేస్ అడుగున మార్కర్‌తో ఒక గీత గీస్తే లెక్క తప్పదు.

రివాల్వర్‌లో జరిగేది దీనికి తలకిందులు. తేలికపాటి రివాల్వర్‌లో గట్టి మందు తూటాలు వాడితే, ఆ తన్నుడుకి మిగిలిన వాటి బుల్లెట్లు ముందుకి జారి సిలిండర్ తిరగకుండా పట్టేస్తాయి. సిలిండర్ నింపి, ఒక్కటి మిగిల్చి మిగతావి కాల్చి, ఆ ఒక్కదాని పొడవు కొలవండి. కాల్చకముందు కొలిచిన దానికంటే పెరిగితే ఆ రకం మీ రివాల్వర్‌కి పనికిరాదు.

కాల్చేటప్పుడు చెవి ఉండాల్సింది శబ్దం మీద. 'ఢాం' అనాల్సింది 'టప్' అంటే, చేతికి తన్ను తక్కువగా తగిలితే, అక్కడే ఆగండి. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి వెళ్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది. వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, మూతి లక్ష్యం వైపే ఉంచి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, ఒక కడ్డీ దూర్చి బ్యారెల్‌కి దారి ఉందో లేదో చూడాలి. వేగంగా కాల్చే సాధనలో ఇది చాలా తేలిగ్గా దాటిపోతుంది.

ట్రిగ్గర్ నొక్కితే 'క్లిక్' తప్ప ఏమీ కాకపోతే, సాధనలో మూతి కదపకుండా 30 సెకన్లు ఆగండి. తూటా అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవచ్చు. ప్రాణాపాయంలో మాత్రం వెంటనే స్లైడ్ లాగడమే, ఆ రెండు అలవాట్లనీ కలపకండి. ఎగిరొచ్చే తూటాని గుప్పెట్లో పట్టుకునే విన్యాసం వద్దు. తూటాని బయటికి విసిరే ఎజెక్టర్ ప్రైమర్‌కి తగిలి చేతిలోనే పేలినవి ఉన్నాయి.

తూటా ఎంపిక సంగతికొస్తే, పెద్ద క్యాలిబర్ తగిలితే ఒక్క దెబ్బకి పడిపోతాడన్నది సినిమా మాట. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకీ ఇద్దరు బ్యాంకు దొంగలకీ కాల్పులు జరిగాయి. ఒక దొంగకి తగిలిన 9 ఎంఎం హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే బుల్లెట్) చేతిలోంచి ఛాతీలోకి దూరి, గుండెకి కొద్ది దూరంలో ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఆ తర్వాతే, పరీక్షల్లో కండకి బదులు వాడే 10 శాతం జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు అనే కొలమానం స్థిరపడింది. దళసరి బట్టలు, ప్లైవుడ్, కారు అద్దం అడ్డుపెట్టి కూడా పరీక్షిస్తారు. ఎందుకంటే బట్ట పీలికలు హాలో పాయింట్ నోట్లో కూరుకుపోతే అది విచ్చుకోదు. విచ్చుకోనిది మామూలు గుండ్రటి తూటాలాగే దూసుకుపోయి వెనకున్న వాళ్ళకి తగలొచ్చు. గురి తప్పిన ప్రతి తూటాకీ ఇదే సంగతి, ఇంటి లోపలి పలుచటి గోడ దాన్ని ఆపదు. అందుకని వెనక ఏముందో చూసుకోవడం తూటా పేరు కంటే ముఖ్యం. జెలటిన్‌లో ఎంత బాగా పనిచేసినా మీ తుపాకీలో ఇరుక్కుంటే దండగే. కనీసం 50 తూటాలు, ప్రతి మ్యాగజైన్‌తోనూ, కాల్చి చూశాకే నమ్మండి.

నిల్వ విషయంలో చల్లగా, పొడిగా ఉంటే చాలు. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. తుపాకీకి కొట్టే నూనె స్ప్రే తూటాల దగ్గర వద్దు, అది ప్రైమర్‌లోకి ఇంకి దాన్ని చంపేయొచ్చు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇత్తడిని పగలగొడతాయి. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు చిట్లిపోతుంటే, గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో తేల్చారు.

పగిలినవి, పొట్టివైనవి, ప్రైమర్ పైకి పొడుచుకొచ్చినవి చెత్తబుట్టలో వేయకండి. నూనెలో నానబెడితే తప్పకుండా చచ్చిపోతాయన్న నమ్మకంతో దాచుకోనూ వద్దు. రేంజ్‌లో పాడైన తూటాల డబ్బా ఉంటే అందులో వేయండి, లేకపోతే ముందే ఫోన్ చేసి పోలీసులకి అప్పగించండి.