మనకంటే ముందే మెదడు డిసైడైపోతుందా? ఇంట్లో పరీక్షించి చూసే పద్ధతి

మా మేనల్లుడు బీటెక్ రెండో సంవత్సరంలో రెండు పేపర్లు తప్పాడు. ఎందుకురా అంటే, "చదవకూడదని నేననుకోలేదత్తా, నా మెదడు నాకంటే ముందే డిసైడైపోయింది. సైన్సే చెప్పింది" అని వాట్సాప్‌లో వచ్చిందేదో చూపించాడు.

నేను 27 ఏళ్ళు ఈఈజీ (తల మీద వైర్లు పెట్టి మెదడు కరెంటుని గీతలుగా తీసే పరీక్ష) టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. కొన్ని వేల తలలకి పేస్టు రాసి వైర్లు అంటించాను. అందుకే వాణ్ణి సంక్రాంతికి ఒంగోలు రమ్మని, భోజనాల బల్ల మీద ఆ మాటకి మూలమైన ప్రయోగాన్నే చేయించాను. మీరూ చేయొచ్చు. ఒక ల్యాప్‌టాప్, రూపాయి బిళ్ళ, గళ్ళ కాగితాలు, ఒక సాయంత్రం చాలు.

ముందు అసలు ప్రయోగం ఏమిటో చెప్తాను. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ అనే శాస్త్రవేత్త కొందరి తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి, బుద్ధి పుట్టినప్పుడు చెయ్యి కదపమన్నాడు. ఎదురుగా గడియారం లాంటి తెర, దాని మీద 2.56 సెకన్లకో చుట్టు తిరిగే చుక్క. కదపాలనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో చెప్పాలి. మెదడు కరెంటులో ఒక అల, చేతి కదలికకి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే లేచింది. మనుషులు మాత్రం 200 ముందు "అనిపించింది" అన్నారు. మధ్యలో ఉన్న ఆ 350 మిల్లీసెకన్లు చూపించి మన ఇష్టాయిష్టాలన్నీ భ్రమ అని అప్పట్నుంచీ రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మన వంతు. కోడింగ్ వచ్చిన పిల్లల చేత అలాంటి చుక్కనే రాయించండి. మావాడికి అరగంట పట్టింది (పరీక్షల ముందు ఈ ఓపిక ఏమైందో). చుట్టూ 60 గీతలు పెడితే ఒక్కో గీత సుమారు 43 మిల్లీసెకన్లు. చుక్క వెంట కళ్ళు పరిగెత్తించకుండా మధ్యలోకి చూడండి. మొదట కంప్యూటర్ చేత ఎప్పుడుపడితే అప్పుడు బీప్ కొట్టించి, అప్పుడు చుక్క ఎక్కడుందో చెప్పండి. ఇది మన తప్పు ఎంతో తెలుసుకోడానికి. లిబెట్ కూడా చర్మం మీద చిన్న షాకుతో ఇలాగే సరిచూసుకున్నాడు. మనకి షాకులొద్దు.

తర్వాత స్పేస్‌బార్. నొక్కాలనిపించినప్పుడు నొక్కి, అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో రాసుకోండి. 40 సార్లు. "వచ్చే చుట్టులో పన్నెండు దగ్గర నొక్కుతా" అని ముందే అనుకుంటే ఆ నొక్కు కొట్టేయండి.

పదిహేనోసారికల్లా మీకే అనుమానం మొదలవుతుంది. మావాడికి ఒకసారి నొక్కడానికి ఐదు గీతల ముందు అనిపించింది, ఒకసారి ఒక్క గీత ముందు. నాకు రెండుసార్లు నొక్కిన తర్వాత అనిపించింది! ఆ 200 మిల్లీసెకన్లు ఇలా మనుషులు గుర్తుచేసుకుని చెప్పిన మాటలోంచి వచ్చిన అంకె. అంకె తప్పని నేననను. అది స్టాప్‌వాచ్ కొట్టి చెప్పింది కాదని మాత్రం మీ చేతులకే తెలుస్తుంది.

ఇక అల సంగతి. ఇదే నా పని, కాస్త ఓపిక పట్టండి. తల మీద దొరికే కరెంటు మైక్రోవోల్టుల్లో (వోల్టులో పదిలక్షో వంతుల్లో) ఉంటుంది. పేషెంటు కళ్ళు మూసుకోగానే తల వెనకవైపు సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా అనే అల వస్తుంది. రెప్ప కొడితే పెద్ద గుట్ట లేస్తుంది. పళ్ళు బిగించినా, తలకి నూనె ఉన్నా, ఫ్యాన్ వైరు దగ్గరగా ఉన్నా గీత పాడే. ఈ గోలలో లిబెట్ అల ఒక్కసారికి విడిగా కనబడడం కష్టం. నలభై కదలికల గీతల్ని కదలిక క్షణం దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే అప్పుడు బయటపడుతుంది. 1965లో జర్మనీలో కోర్న్‌హూబర్, డీకె అనే ఇద్దరు ఈ అలని మొదట ప్రకటించిందీ అలా సగటు తీసే.

అయితే ఆ పేర్చడంలోనే ఒక మెలిక ఉంది. రూపాయి బిళ్ళ తీయండి. బొమ్మ పడితే ఒకటి కలపండి, బొరుసు పడితే ఒకటి తీసేయండి, ప్రతిసారీ లెక్క రాయండి. 3 కి చేరగానే ఆగండి. యాభై విసిరినా చేరకపోతే ఆ కాగితం పారేయండి. కనీసం పది విసుర్లున్న కాగితాలు ఇరవై పోగయ్యాక, అన్నిటి చివరి పది విసుర్లనీ, ఆగిన చోటు ఒకే నిలువు గీత మీదకి వచ్చేలా పేర్చి సగటు తీసి గీయండి. ముగ్గురు కూర్చుంటే గంట, గంటన్నర.

చక్కగా పైకి లేచే గీత వస్తుంది. బిళ్ళ 3 కి చేరాలని ముందే డిసైడైపోయిందా?

మావాడు వెంటనే పట్టుకున్నాడు: "3 దగ్గర ఆగినవే ఏరుకున్నాం కదత్తా, పైకి కాక ఎటుపోతుంది?" అదే మరి. కాలవ నీళ్ళు ఊగుతూ ఊగుతూ ఎప్పుడో గట్టు దాటతాయి. దాటిన ఫొటోలే పోగేసి చూస్తే, ముందునుంచీ నీళ్ళు దాటడానికే లేస్తున్నట్టుంటుంది. లేచి దాటకుండా దిగిపోయిన అలలు మన పోగులో లేవు. 2012లో ఆరన్ షుర్గర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు మెదడు విషయంలో దాదాపు ఈ వాదనే లెక్కలతో చూపించారు: ఊగే మెదడు కరెంటు ఒక గట్టు దాటినప్పుడు చెయ్యి కదులుతుందని. వాళ్ళ లెక్కలో గట్టు వైపుకి కొద్దిపాటి తోపు కూడా ఉంటుంది, మన బిళ్ళలో లేదు. ఆ లెక్క ప్రకారం 550 మిల్లీసెకన్ల దగ్గర మొదలైంది తీర్మానం కాదు, ఊగిసలాటే. అందరూ ఒప్పుకున్నారని కాదు, పోట్లాట సాగుతూనే ఉంది.

"పది సెకన్ల ముందే కనిపెట్టారు" అనే వార్త కూడా మీకు తగులుతుంది. అది 2008 నాటి స్కానింగ్ ప్రయోగం. ఎడమ బటనా, కుడి బటనా అన్నది ముందే ఊహించారు. గుడ్డిగా చెప్పినా వందకి యాభై కరెక్టవుతుంది, వాళ్ళకి సుమారు అరవై అయింది. ఇలాంటివి చదివినప్పుడల్లా ఎంత శాతం అని వెతకండి, ఏం పని చేయించారో చూడండి. బటన్ నొక్కడానికి కారణం అక్కర్లేదు. పొలం అమ్మాలా వద్దా అని మూడు నెలలు నిద్రపట్టని మనిషి తలకి ఎవరూ ఇంతవరకు ఇలా వైర్లు పెట్టి సగటు తీయలేదు. ఒకే పొలాన్ని నలభైసార్లు ఎవరమ్ముతారు?

స్పృహ సంగతి ఇంకా చిక్కు. క్రిస్టాఫ్ కోచ్ అనే శాస్త్రవేత్త, 25 ఏళ్ళలో స్పృహకి మెదడులో గుర్తు దొరికిపోతుందని 1998లో డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్తతో పందెం కట్టాడు. 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలిచ్చాడు.

అలాగని స్పృహకి మెదడుతో పనిలేదంటే నేనొప్పుకోను, కళ్ళారా చూశాను కాబట్టి. దీన్ని మాత్రం ఇంట్లో చేయకండి, డాక్టర్ పక్కనుండాలి. ఉన్నట్టుండి గుడ్లప్పగించి చూస్తున్నాడని తెచ్చే పిల్లల చేత ల్యాబ్‌లో మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్పించి వదిలిస్తాం, లెక్కపెట్టమంటాం. అది ఆ రకం మూర్ఛ జబ్బే అయితే కాసేపటికి సెకనుకి మూడు చొప్పున పెద్ద పెద్ద శూలాల్లాంటి అలలు తలంతా ఒక్కసారి లేస్తాయి, పిల్లాడు ఆగిపోతాడు. ఆ క్షణంలో చెవి దగ్గర ఒక మాట చెప్పాలి. నేనెప్పుడూ "పచ్చ చిలక" అనేదాన్ని. అలలు ఆగాక ఏం మాట చెప్పానని అడగాలి.

ఒక ఏడేళ్ళవాడు ముప్ఫై రెండు దగ్గర ఆగాడు. తొమ్మిది సెకన్ల తర్వాత కళ్ళు కదిలాయి. "ఏం చెప్పాను నాన్నా?" అన్నాను. ఏం చెప్పలేదన్నాడు. "మరి ఎందుకాగావు?"

"ఎక్కడాగాను? లెక్కపెడుతూనే ఉన్నాగా" అని నా మీద విసుక్కుని, ముప్ఫై మూడు అన్నాడు.